గొలుసు నడిచిన గడ్డినేల

బియాట్రిస్, నెబ్రాస్కా
మే 24

చిరంజీవి తమ్ముడికి,

మీ వదినకి ఇక్కడి గాలి పడడం లేదు. అబ్బాయి సెలవు పెట్టి ఒమాహా నుంచి కార్లో తిప్పుతున్నాడు. ఇక్కడ రోడ్ల పక్కన స్తంభాలు పాతి, పోతపోసిన లోహపు పలకల మీద ఆ చోటి చరిత్ర రాసి పెడతారు. వాడికి ఆగే ఓపిక లేదు, నాకు చదవకుండా కదిలే అలవాటు లేదు. ఉద్యోగమంతా హద్దురాళ్ల వెంట తిరిగినవాణ్ణి కదా.

ఈ ఊరి బయట హోమ్‌స్టెడ్ చట్టం మీద ఒక మ్యూజియం ఉంది. 1862 మే 20న లింకన్ సంతకం పెట్టిన చట్టం. మన లెక్కలో సర్కారు భూమికిచ్చే డి-పట్టా అనుకో. అప్పట్లో ఐదేళ్లు అక్కడే కాపురముండి, సాగు చేసి, ఇద్దరు సాక్షులతో రుజువు చేసుకుంటే 160 ఎకరాలు నీవే. ఫీజులన్నీ కలిపి 18 డాలర్లు. పట్టా చేతికొచ్చాక అమ్ముకోవచ్చు కూడా. పెళ్లికాని ఆడపిల్లలూ, భర్త పోయినవాళ్లూ తమ పేరునే అర్జీ పెట్టుకున్నారట. ఆ ముక్క అబ్బాయి చదివి చెప్పగానే మీ వదిన నావైపు ఒక చూపు చూసింది. మన చెరువు కింద పొలం ఎవరి పేరున ఉందో నీకు తెలుసుగా.

చట్టం అమల్లోకొచ్చింది 1863 జనవరి 1న. ఆ రోజే డేనియల్ ఫ్రీమన్ అనే ఆయన ఈ నేలకి అర్జీ పెట్టాడు. అర్ధరాత్రి దాటగానే బ్రౌన్‌విల్ భూముల ఆఫీసు గుమస్తాని బతిమాలి తలుపు తీయించాడని చెప్పుకుంటారు. మనవైపు పట్టపగలు తీయించడమే గొప్ప!

మ్యూజియం దగ్గర 1867 నాటి కొయ్య ఇల్లొకటి తెచ్చి నిలబెట్టారు. 14 అడుగులు, 16 అడుగులు. అందులో పదిమంది పిల్లలతో ఒక సంసారం సాగింది. నాకు అంతకంటే నచ్చింది కార్లు ఆపే జాగా. ఎకరమంటే ఎంతో జనానికి తెలియాలని దాన్ని సరిగ్గా ఎకరం కట్టారట. నమ్మకం కుదరక అడుగులేసి చూశాను. అబ్బాయి సిగ్గుపడి కార్లోనే కూర్చున్నాడు. నూరు సెంట్లకి ఏమీ తగ్గలేదు.

ఒక్కటి మాత్రం మనసులో గుచ్చుకుంది. ఇక్కడికి దక్షిణాన బిగ్ బ్లూ నది వెంట ఓటో-మిసూరియా ఆదివాసులు ఉండేవారు. 1854 ఒప్పందంలో వాళ్లకని ఒక ముక్క వదిలారు, 1880ల మొదట్లో దాన్నీ ఖాళీ చేయించి ఇప్పటి ఓక్లహోమాకి పంపేశారు. నేను ఎన్ని రిజిస్టర్లలో ‘బంజరు’ అని రాశానో గుర్తొచ్చింది. అక్కడ గొడ్లు మేసేవి, ఆడవాళ్లు పుల్లలేరుకునేవారు. కాగితం మీద మాత్రం ఎవరూ లేరు.

మహాస్కా దగ్గర, కాన్సాస్
మే 25

తమ్ముడూ,

ఇవాళ చూసింది వీళ్లిద్దరికీ పట్టలేదు. మట్టిరోడ్లు కలిసే చోట ఒక స్మారక శిల, చుట్టూ పొలాలు. రెండు రాష్ట్రాల నాలుగు జిల్లాలు ఇక్కడే కలుస్తాయి. 1856లో చార్లెస్ మానర్స్ అనే సర్వేయరు, మిసూరీ నదికి 108 మైళ్ల పడమర, 40వ అక్షాంశం మీద ఇక్కడ రాయి పాతాడు. కాన్సాస్, నెబ్రాస్కా మొత్తం కొలతలకి మూలం ఇదే.

కొలిచింది ఏ గొలుసుతో అనుకున్నావు? గంటర్ గొలుసు! 66 అడుగులు, నూరు లింకులు. నేను చేరిన కొత్తలో పొలాల్లో ఈడ్చిందీ అదే. 80 గొలుసులు మైలు, చదరపు మైలు ఒక సెక్షన్, అంటే 640 ఎకరాలు. అందులో పావు 160. ఫ్రీమన్‌కి ఇచ్చిందీ అన్ని ఎకరాలే. ఈ గడ్డినేలలో హద్దు పెట్టడానికి చాలాచోట్ల చెట్టూ లేదు, రాయీ లేదు. బొగ్గు పాతి పైన మట్టి కుప్ప పోసేవారు. కట్టె కుళ్లుతుంది, బొగ్గు కుళ్లదు. మన గట్లు వాగు ఎటు తిరిగితే అటు తిరుగుతాయి. ఇక్కడ వాగే గీత కిందుగా దూరి పోవాలి, మైలు మైలుకీ ఒక రోడ్డు సూటిగా పోతూనే ఉంటుంది. అబ్బాయికి నిద్ర ఆగలేదు.

నికోడిమస్, కాన్సాస్
మే 26

తమ్ముడూ,

ఈ ఊరి పలక దగ్గర మీ వదిన కూడా దిగింది. బానిసత్వం పోయిన పన్నెండేళ్లకి, 1877లో, కెంటకీ నుంచి నల్లజాతి కుటుంబాలు వచ్చి కట్టుకున్న ఊరు. పచ్చటి నేల, ఊరు, బడి అని ఆశపెట్టి పిలిచారు. వచ్చి చూస్తే కొయ్య లేదు, గోడ లేదు. గట్టు తొలిచి అందులో కాపురాలు. మరుసటి సంవత్సరం విలియానా హిక్మన్ అనే ఆవిడ రైలు దిగి, ఎలిస్ నుంచి రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చింది. ఊరేదని అడిగితే భర్త నేలలోంచి లేస్తున్న పొగ చూపించాడట. ఆవిడ ఏడ్చేసింది. ఆ మాట వినగానే మీ వదిన, “పెళ్లయ్యాక నన్ను తీసుకెళ్లిన క్యాంపు గది ఏమైనా తక్కువా?” అంది. నేనేం మాట్లాడలేదు.

ఆ మొదటి చలికాలం వేట నుంచి తిరిగొస్తున్న ఓసేజ్ ఆదివాసులు మాంసం ఇచ్చి ఆదుకున్నారని వీళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంటే, ఖాళీ అని పేరుపెట్టిన నేలలో అన్నం పెట్టినవాళ్లున్నారన్నమాట.

1888లో రైలు ఊరి దగ్గరి నదికి అవతల నుంచి పోయింది. దుకాణాలన్నీ రైలు పట్టాల పక్కకి తరలిపోయాయి. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టే ఇళ్లు, 1939లో సున్నపురాయితో కట్టిన టౌన్‌షిప్ హాలు. జూలై ఆఖర్లో మాత్రం ఎక్కడెక్కడి మనవలూ ఇక్కడికి చేరతారట, మన తిరునాళ్లకి వచ్చినట్టు.

తొలకరి పడేలోగా మన పొలం ఈశాన్యం మూల హద్దురాయి చుట్టూ కంప కొట్టించు. పక్క పొలం వాళ్లతో నేను వచ్చేదాకా మాట పెంచుకోకు. చెరువు కింద పొలం కాగితాలు కూడా తీసి ఉంచు. ఎందుకో వచ్చాక చెబుతాను.

అన్నయ్య