పతకం అంచు మీది పేరు

ములుగు అనగానే మనకు గుర్తుకు వచ్చేవి రామప్ప, లక్నవరం, బొగత జలపాతం, మేడారం. పిల్లలకు సెలవులు వస్తే వాటిని చూపించాలన్నది తల్లిదండ్రులందరికీ ఉండే కోరికే. గత సంవత్సరం వానాకాలం చివరిలో మేము కూడా ఆ కోరికతోనే హనుమకొండ నుంచి బయలుదేరాము. చూడవలసినవి చాలావరకు చూశాము. అయితే ఇల్లు చేరిన తరువాత మా పిల్లలు పదేపదే చెప్పుకొన్నది మాత్రం ములుగులో ఒక పెద్దాయన మంచం కింది నుంచి తీసి చూపిన చిన్న రేకుపెట్టె గురించి.

హనుమకొండ నుంచి ములుగు సుమారు 50 కిలోమీటర్లు. ఆత్మకూరు దాటాక కటాక్షపూర్ చెరువు నిండి మత్తడి పోస్తున్నది. రోడ్డు మీద పారుతున్న నీటిని చూసి పిల్లలు కేరింతలు కొట్టారు. మల్లంపల్లి దగ్గర ఎర్రమట్టి, జాకారం, ఆ తరువాత గట్టమ్మ దగ్గర ఆగిన వాహనాల బారులు. అక్కడి నుంచి చెట్లు చిక్కబడతాయి, గాలి చల్లబడుతుంది. 2019 ఫిబ్రవరిలో జిల్లా కేంద్రమైనప్పటికీ ములుగుకు పల్లెటూరి నిదానం ఇంకా పోలేదు.

మొదట పాలంపేటకు వెళ్ళాము. జంగాలపల్లి దగ్గర జాతీయ రహదారిని విడిచి లోపలికి సాగితే పొలాల నడుమ రామప్ప కనిపిస్తుంది. 2021 జూలై 25న యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. నీటిలో తేలే ఇటుకలను గురించి, ఇసుక పునాదిని గురించి గైడు చెబుతుండగా నా దృష్టి ఆవరణలోని శాసన స్తంభం మీద నిలిచింది. క్రీ.శ. 1213 నాటి శాసనం అది. ఈ నిర్మాణాన్ని చేయించినవాడు రేచర్ల రుద్రుడు. ఆయన కాకతీయ గణపతిదేవుని సేనాని. చక్రవర్తి శత్రువుల చేతికి చిక్కిన కష్టకాలంలో రాజ్యాన్ని కాపాడిన వీరునిగా చరిత్రకారులు ఆయనను చెప్పుకొంటారు. ఆయన పరాక్రమం, ఆయన బిరుదులు రాతి మీద చెక్కి ఉన్నాయి. ఆ కాలంలో యోధునికి లభించే గౌరవాలు అవే: బిరుదు, శాసనం, కాలికి గండపెండేరం. యుద్ధంలో కూలిపోయినవానికి ఊరి పొలిమేరలో ఒక వీరగల్లు.

కాని ఒక విచిత్రం చూడండి. ఎనిమిది వందల సంవత్సరాల తరువాత జనం నోట రుద్రుని పేరు లేదు. ఈ కట్టడాన్ని చెక్కిన శిల్పి పేరు రామప్ప అని, ఆయన పేరే దీనికి నిలిచిందని ఇక్కడివారు చెబుతారు. సేనాని పేరు శాసనంలో ఉంది, పనివాని పేరు ప్రజల నాలుక మీద ఉంది.

రేకుపెట్టె

మధ్యాహ్నం నమాజు వేళకు ములుగు చేరి, మిత్రుని ఇంట భోజనం చేశాము. ఆయన పెదనాన్న సైన్యంలో పనిచేసి హవల్దారుగా విరమించుకొన్నారు. డెబ్బై అయిదు దాటినా నడుము వంగలేదు. అందరూ ఆయనను చాచా అంటారు. మేమూ అలాగే పిలిచాము. మా అమ్మాయి తొమ్మిదవ తరగతి. పాఠశాలలో పరమవీర చక్ర గురించి చదువుకొన్నది. "చాచా, మీకు మెడల్ వచ్చిందా?" అని అడిగేసింది. తల్లి కళ్ళతోనే వారించింది కాని, ఆయన నవ్వుతూ లేచి ఆ రేకుపెట్టెను తెచ్చారు.

తెల్లని గుడ్డలో చుట్టిన నాలుగు పతకాలు. రంగులు వెలిసిన రిబ్బన్లు. ఒక్కొక్కటీ తీసి అమ్మాయి అరచేతిలో పెట్టారు. నక్షత్రం ఆకారంలో ఉన్నది పశ్చిమీ స్టార్. 1971 యుద్ధంలో పడమటి సరిహద్దున పనిచేసినవారికి ఇచ్చినది. తూర్పున బంగ్లాదేశ్ వైపు పోరాడినవారికి పూర్వీ స్టార్. గుండ్రనిది సంగ్రామ్ మెడల్. ఆ యుద్ధకాలంలో సేవలో ఉన్న సైనికులందరికీ వచ్చినది. మూడవది స్వాతంత్ర్యానికి 25 సంవత్సరాలు నిండినప్పుడు 1972లో ఇచ్చినది. నాలుగవది కఠినమైన ప్రాంతాలలో చేసిన సేవకు గుర్తుగా ఇచ్చే సైన్య సేవా మెడల్.

"ఇవి బహదూరీకి ఇచ్చినవి కావు బేటీ," అన్నారు చాచా. "పిలిస్తే పోయిన, చెప్పిన పని చేసిన, దానికి ఇచ్చినవి. బహదూరీకి ఇచ్చేవి వేరే ఉంటయి."

ఆ వేరే వాటిని గురించి పాఠకులు కొంత తెలుసుకోవడం మంచిది. యుద్ధరంగంలో శత్రువు ఎదుట చూపిన సాహసానికి ఇచ్చేవి మూడు: పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర. ఇవి 1950 జనవరి 26న ఏర్పడి, 1947 ఆగస్టు 15 నుంచే వర్తించాయి. పరమవీర చక్ర చూడడానికి చాలా సాదాగా ఉంటుంది. ఊదారంగు రిబ్బనుకు వేలాడే చిన్న కంచు బిళ్ళ. వ్యాసం ఒకటిన్నర అంగుళాలు కూడా లేదు. దాని రూపాన్ని తీర్చిదిద్దినవారు సావిత్రీబాయి ఖానోల్కర్. స్విట్జర్లాండులో పుట్టి, భారతీయ సైనికాధికారిని వివాహమాడి, ఈ దేశాన్నే తన దేశం చేసుకొన్న మహిళ. ఇంతవరకు 21 మందికి మాత్రమే ఆ పతకం లభించింది. అందులో 14 మంది దానిని తమ కళ్ళతో చూసుకోలేదు.

ఆ పద్నాలుగు మందిలో ఒకరు కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్. ఉత్తరప్రదేశ్ లోని గాజీపూర్ జిల్లా ధామూపూర్ గ్రామవాసి, 4వ గ్రెనేడియర్స్ సైనికుడు. 1965 సెప్టెంబరులో ఖేమ్ కరణ్ రంగంలో, అసల్ ఉత్తర్ దగ్గర, జీపుకు బిగించిన తుపాకీతో శత్రువుల ట్యాంకులను ఒకదాని తరువాత ఒకటిగా ధ్వంసం చేసి, 10వ తేదీన ప్రాణాలర్పించారు. 1966 గణతంత్ర దినాన రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల మీదుగా ఆ పతకాన్ని అందుకొన్నది ఆయన భార్య రసూలన్ బీబీ. ఆమె 2019లో కన్నుమూశారు. భర్తతో గడిపిన కాలం కంటే ఆ పతకంతో గడిపిన కాలమే ఆమెకు ఎక్కువ.

మన తెలంగాణలోనూ అటువంటి ఇళ్ళు ఉన్నాయి. కార్గిల్ యుద్ధంలో 1999 జూన్ 28న నేలకొరిగిన హైదరాబాదు వీరుడు మేజర్ పద్మపాణి ఆచార్యకు మహావీర చక్ర లభించింది. ఆయన మరణించే నాటికి భార్య గర్భవతి. పుట్టిన కూతురు తండ్రిని పతకంలోనూ, ఆయన రాసిన ఉత్తరాలలోనూ చూసుకొన్నది. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు 16వ బిహార్ రెజిమెంటు దళాధిపతి. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో మరణించిన ఇరవై మందిలో ఆయన ఒకరు. 2021 నవంబరులో రాష్ట్రపతి భవన్ లో ఆయన మహావీర చక్రను ఆయన తల్లి, భార్య కలిసి అందుకొన్నారు. ఆ దృశ్యాన్ని మనం టీవీలలో చూశాము. ఒక తల్లి, ఒక భార్య, చిన్న పెట్టె. సభ అంతా నిలబడి ఉంది. చప్పట్లు ఆగిన తరువాత ఆ పెట్టెను పట్టుకొని వారు ఇంటికి వెళ్ళాలి.

ఒకే పతకం, రెండు పేర్లు

చాచా సంగ్రామ్ మెడల్ ను పక్కకు తిప్పి, "అంచు మీద ఏముందో చదువు," అన్నారు మా అమ్మాయితో. నాణెం అంచు వంటి ఆ సన్నని చోట అక్షరాలు ఉన్నాయి. కిటికీ దగ్గరకు వెళ్ళి చదివింది: నంబరు, హోదా, పేరు, దళం. పతకం ముఖం మీద రాజ్యచిహ్నం అందరిదీ. మనిషి పేరు ఉండేది ఆ అంచు మీదనే.

"ఇట్లాంటిదే ఇంకొకటి ఉన్నది," అన్నారు చాచా. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తాడ్వాయి అడవికి అవతల ఒక కోయగూడెం నుంచి ఒక యువకుడు ఆయనతో పాటే సైన్యంలో చేరాడు. ఇద్దరూ ఒకే తోపుఖానా దళంలో పనిచేశారు. పొద్దున రొట్టె, రాత్రి కబుర్లు కలిసే. తెలుగులో మాట్లాడుకోవడానికి ఒకరికి ఒకరే దిక్కు. 1971 డిసెంబరులో ఒక సాయంత్రం శత్రువుల గుండు వచ్చి పడింది. చాచా పదిగజాల దూరంలో ఉన్నారు. ఆయన మిగిలారు, స్నేహితుడు మిగలలేదు. ఆ యువకునికి ఏ చక్రమూ రాలేదు. ఫిరంగి దగ్గర తన చోట తాను నిలబడి చనిపోయాడు. అంతకు మించి రాయడానికి ఏమీ లేదు.

కొన్ని సంవత్సరాలకు పతకాలు పోస్టులో వచ్చాయి. సెలవు మీద వచ్చిన చాచా ఆ గూడేనికి వెళ్ళారు. తల్లి గుడిసెలో నుంచి ఒక పొట్లం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. చూస్తే తనకు వచ్చిన సంగ్రామ్ మెడలే. అదే లోహం, అదే రిబ్బను. తేడా అంచు మీది పేరు ఒక్కటే. ఆమె అడిగింది: "ఇది ఎవరు పెట్టుకోవాలె కొడుకా?"

"నా దగ్గర జవాబు లేదు బేటీ," అన్నారు చాచా. "బతికి వచ్చిన నాకూ, రాని వానికీ ఒకటే ఇచ్చిండ్రు. అప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత తర్వాత అదే మంచిగ అనిపించింది. ఇద్దరం ఒక్క పనికే పోయినం కదా."

ఆయన మాట విన్నప్పుడు నాకు మొదటి ప్రపంచయుద్ధం నాటి ఒక సంగతి గుర్తుకు వచ్చింది. ములుగు అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. హైదరాబాదు అశ్విక దళం ఆ యుద్ధంలో సూయజ్ కాలువ దాకా, పాలస్తీనా దాకా వెళ్ళింది. ఢిల్లీలో తీన్ మూర్తి కూడలిలోని మూడు విగ్రహాలలో ఒకటి హైదరాబాదు సైనికులదే. మిగిలినవి జోధ్ పూర్, మైసూరు దళాలవి. ఆ యుద్ధంలో మరణించిన బ్రిటిష్ సామ్రాజ్య సైనికుల కుటుంబాలకు అరచేయంత కంచు ఫలకం ఒకటి పంపారు. అటువంటివి పదమూడు లక్షలకు పైగా పోశారు. వాటి మీద పేరు మాత్రమే ఉంటుంది, హోదా ఉండదు. ప్రాణత్యాగంలో అధికారి, సిపాయి అనే తేడా లేదని ఆ ఏర్పాటు. పరాయి పాలకుల యుద్ధమే కావచ్చు, కాని ఫలకాన్ని అందుకొన్న తల్లులు మనవాళ్ళు కూడా.

జంపన్న వాగు

మరునాడు గోవిందరావుపేట, పస్రా మీదుగా తాడ్వాయి వైపు వెళ్ళాము. జాతర లేని రోజుల్లో మేడారం ఒక చిన్న అడవి ఊరు. కరువు కాలంలో కప్పం కట్టలేమన్న కోయలపై కాకతీయ సైన్యం దండెత్తిందని, ఆ పోరులో పగిడిద్దరాజు, సారలమ్మ, జంపన్న కూలిపోయారని ఇక్కడి ప్రజల నమ్మకం. గాయపడిన జంపన్న దూకిన వాగు సంపెంగ వాగు. ఆనాటి నుంచి అది జంపన్న వాగు. వంతెన మీద నిలబడి చూస్తే వానకాలపు నీరు ఎర్రగా పారుతున్నది.

నిన్న చూసిన రామప్ప శాసనం గెలిచినవారిది. ఇక్కడ ఓడినవారికి శాసనం లేదు, బిరుదు లేదు. అయినా ఏడు వందల సంవత్సరాలుగా వారి పేర్లను జనం మరచిపోలేదు. రెండూ ఒకే జిల్లాలో, ఒకదానికి ఒకటి కొద్ది దూరంలోనే ఉన్నాయి. రాతి మీద చెక్కినా, వాగుకు పేరుగా పెట్టినా, పతకం అంచు మీద ముద్రించినా మనిషి కోరేది ఒకటే. పోయినవాని పేరును ఎవరో ఒకరు పలకాలి.

చాచా స్నేహితుని గూడెం ఆ దారిలోనే ఉన్నదని మాకు తెలుసు. ఆ తల్లి ఎప్పుడో మరణించింది. పతకం ఇప్పుడు ఆమె మనుమని ఇంట్లో ఉన్నదట. ఆమె అడిగిన ప్రశ్నకు నేడు ఒక జవాబు ఉంది. పతకాన్ని సంపాదించినవాడు ఎడమ రొమ్ము మీద ధరిస్తాడు. మరణించినవారి తరఫున రక్తసంబంధీకులు దానిని కుడివైపు ధరించడం అనేక దేశాలలో ఆచారం. ఇటీవలి సంవత్సరాలలో మన సైన్యం కూడా యుద్ధస్మారకాల దగ్గర శ్రద్ధాంజలి ఘటించే సందర్భాలలో దగ్గరి బంధువులు అలా ధరించడానికి అనుమతించింది. కుడివైపు పతకం కనిపిస్తే, అది తనది కాదని, తన ఇంటి నుంచి వెళ్ళి తిరిగిరాని వానిదని అర్థం. ఈ మాట చెప్పినప్పుడు చాచా, "ఆమె ఉన్నప్పుడు తెలిస్తే బాగుండు," అని మాత్రం అన్నారు.

2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో స్వాతంత్ర్యం తరువాత ప్రాణాలిచ్చిన పాతిక వేలకు పైగా సైనికుల పేర్లు గ్రానైటు ఇటుకల మీద చెక్కి ఉన్నాయి. చాచా అక్కడికి ఒకసారి వెళ్ళి వచ్చారు. గంటసేపు వెతికి స్నేహితుని పేరు కనుక్కొని, దాని మీద చేయి పెట్టి నిలబడ్డారట.

పాఠక సోదర సోదరీమణులారా! మన తాతల పెట్టెలలో, పాత సందుగలలో ఇటువంటి పతకాలు ఇంకా ఉండవచ్చు. పిల్లలకు అవి ఆటవస్తువులు, పెద్దలకు మరచిపోయిన వస్తువులు. వాటిని కరిగించి అమ్మకండి. తోమి మెరుగు పెట్టకండి, అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి. వెలుతురులో పట్టుకొని ఆ పేరు చదవండి. నంబరు, దళం ఒక కాగితం మీద రాసి పతకంతో పాటు దాచండి. ఇంట్లో పెద్దవారు బతికి ఉండగానే ఆయన ఎవరు, ఎక్కడ పనిచేశారు, ఎలా పోయారు అని అడిగి రాసుకోండి. వితంతువులకు, కుటుంబాలకు రావలసిన సహాయం సంగతులు సైనిక సంక్షేమ కార్యాలయంలో చెబుతారు.

తిరుగు ప్రయాణంలో కటాక్షపూర్ మత్తడి ఇంకా పారుతూనే ఉంది. కారు నెమ్మదిగా నీటిని దాటుతుండగా మా అమ్మాయి వెనుక సీటులో నోటుపుస్తకం తెరిచి ఏదో రాసుకొంటున్నది. ఏమిటని తొంగి చూశాను. చాచా చెప్పిన రెండు పేర్లు, ఒకదాని కింద ఒకటి.