గాజు ఎముకల బిడ్డ



మా వడమాలపేట ప్రాంతంలో కాలో చెయ్యో విరిగితే అందరి నోట ముందు వచ్చే మాట పుత్తూరు కట్టు. పుత్తూరు దగ్గర రాచపాళెంలో ఆకు పసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురుబద్దలతో కట్టే ఆ కట్టు కోసం పొరుగు రాష్ట్రాల వారు కూడా వస్తారు. అయితే చెట్టు మీద నుండి పడి ఒకసారి ఎముక విరగడం వేరు, పక్క మీద ఒత్తిగిలినా విరగడం వేరు. అలాంటప్పుడు కట్టు ఒక్కటే చాలదు. ఎందుకు విరుగుతున్నదో వెదకాలి. మా పాప విషయంలో ఆ వెదుకులాట మమ్మును చిత్తూరు మీదుగా రాయవేలూరు చేర్చింది. 1900లో ఐడా స్కడ్డర్ దొరసానిగారు ఒకే మంచంతో ప్రారంభించిన సి.ఎం.సి. ఆసుపత్రిలో పిల్లల ఎముకల వైద్యులు, జన్యు వైద్యులు ఉన్నారు.

ఈ వ్యాధి పేరు ఆస్టియోజెనెసిస్ ఇంపర్‌ఫెక్టా. సుమారు 15,000 నుండి 20,000 మంది పిల్లలలో ఒకరికి వస్తుంది. మిద్దె కప్పులో సిమెంటుకు లోపల ఇనుప కమ్ములు ఎలాగో, ఎముకలో సున్నానికి కొల్లాజెన్ అనే మాంసకృత్తి అలాగు. ఈ పిల్లలలో చాలామందికి ఆ కమ్ములే పుట్టుకతో బలహీనం. కొందరికి కనుగ్రుడ్డు తెలుపు నీలంగా ఉంటుంది. కొందరి పళ్ళు రంగు మారి పెళుసుగా విరుగుతాయి. పెద్దయ్యాక వినికిడి తగ్గవచ్చు గనుక చెవుల పరీక్ష కూడా అవసరం.

దీనిని పూర్తిగా పోగొట్టే మందు లేదు. కాని చేయగలిగినది చాలా ఉన్నది. 1998లో కెనడాలోని మాంట్రియల్ వైద్యులు పామిడ్రోనేట్ అనే మందును ఈ పిల్లలకు సెలైన్‌లో ఎక్కించి, ఎముక గట్టిపడిందనీ విరగడం తగ్గిందనీ ప్రకటించారు. దానిని కొన్ని నెలలకు ఒకసారి ఎక్కిస్తారు. జోలెడ్రోనిక్ ఆమ్లమైతే చాలాచోట్ల ఆరు నెలలకు ఒకసారి. మొదటిసారి జ్వరం, ఒళ్ళునొప్పులు రావడం సాధారణం. ముందుగా కాల్షియం, డి విటమిను, పళ్ళు చూపించుకోవాలి. వంగిపోయిన కాళ్ళను సరిచేసి ఎముక లోపల కడ్డీ వేస్తారు. బిడ్డతోపాటు సాగే కడ్డీలు కూడా ఉన్నాయి. విరిగిన తరువాత ఎక్కువకాలం కదలకుండా పడుకోబెడితే ఎముక ఇంకా పలుచబడుతుంది. అందుకే వైద్యులు చెప్పిన వెంటనే వ్యాయామం మొదలుపెట్టాలి.

ఇంట్లో మేము నేర్చుకున్నది ఎత్తుకొనే పద్ధతి. చంకల క్రింద పట్టి ఎత్తకూడదు. చెయ్యి పట్టి లాగకూడదు. గుడ్డలు మార్చేటప్పుడు కాళ్ళు పట్టి పైకి లేపకూడదు. ఒక అరచెయ్యి పిరుదుల క్రింద, మరొకటి తల, భుజాల క్రింద వెడల్పుగా పెట్టి మెల్లగా ఎత్తాలి. ఆదివారం గుడిలో ప్రేమతో బుగ్గ గిల్లి చెయ్యి లాగే అవ్వలకు కూడా మేమీ మాట ముందే చెప్పుకుంటాము.

"తల్లి ఏం పాపం చేసిందో" అనే గుసగుస మా చెవిన కూడా పడింది. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగినదీ అదే ప్రశ్న. వాడైనా, వాని కన్నవారైనా పాపము చేసినందువలన కాదని ప్రభువే తేల్చి చెప్పారు. వైద్యులు చెప్పేదీ అంతే. చాలామందిలో ఈ మార్పు తల్లిదండ్రులెవరికీ లేకుండా బిడ్డలోనే క్రొత్తగా వస్తుంది. తల్లికో తండ్రికో ఈ వ్యాధి ఉంటే ప్రతి కాన్పులో సగం అవకాశం. కొన్ని రకాలలో ఇద్దరూ ఆరోగ్యంగానే ఉండి లోపాన్ని మోస్తుంటారు, అప్పుడు నాలుగింట ఒక వంతు. మన సీమలో మేనరికాలు ఎక్కువ గనుక, ఇంట్లో ఇటువంటి బిడ్డ ఉంటే పెళ్ళికి ముందు, మరుసటి కాన్పుకు ముందు జన్యు వైద్యులను కలవడం మంచిది.

"ప్రార్థన చేశాము, ఇక మందెందుకు?" అని అడిగేవారికి నా జవాబు ఒక్కటే. మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసము పోసి కట్టు కట్టాడు, తరువాత పూటకూళ్ళవానికి ఖర్చు కూడా ఇచ్చాడు. ప్రార్థించండి, మందు మాననివ్వకండి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం లేక అంతకు మించిన వైకల్యమని ధృవపత్రం ఉన్న పిల్లలకు 6 నుండి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. బిడ్డను ఇంట్లో దాచకండి. ఎముకలే పెళుసు, బుద్ధి కాదు. మీ గుడి మెట్ల ప్రక్కన చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి ఒకటి కట్టించండి. మా పాపవంటి పిల్లలు ఆదివారపు బడికి తామే వస్తారు.