శునకాల పోటీలో న్యాయనిర్ణేతగా

వెల్డింగు అతుకులనూ, బాయిలరు గొట్టాలనూ పరీక్షించి ‘అంగీకరించడమైనది’ అనో ‘తిరస్కరించడమైనది’ అనో వ్రాయడం తప్ప, మన సంస్థలో ముప్పయ్యేళ్ళుగా నేను నేర్చిన విద్య వేరొకటి లేదు. అటువంటి నన్ను 2025 డిసెంబరులో నోయిడాలోని మా కాలనీ సంఘంవారు శునకాల పోటీకి న్యాయనిర్ణేతగా ఉండమన్నారు. వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేయించే నిధి కోసం ఈ పోటీ. ప్రవేశ రుసుము కుక్కకు 200 రూపాయలు. “మీ ఇంట్లో కుక్క లేదు గనుక పక్షపాతముండదు” అన్నది అధ్యక్షులవారి తర్కం. మా శ్రీమతి మాత్రం “కుక్క ఎదురైతే రోడ్డుకు ఆవలి ప్రక్కకు పోయే మీరా?” అని నవ్వింది.

తెలియని వస్తువును పరీక్షించే ముందు దాని ప్రమాణాలను చదవడం మన వృత్తిధర్మం కదా! కొన్ని పుస్తకాలు తిరగవేశాను. ఇటువంటి పోటీలలో ఒక కుక్కను మరొక కుక్కతో పోల్చరట. ప్రతిదానినీ దాని జాతికి వ్రాసిపెట్టిన ప్రమాణంతోనే పోలుస్తారట. డ్రాయింగు, కొలత, టాలరెన్సు: ఇది మనకు కొత్త కాదు. ఎదిగిన కుక్కకు పైన 20, క్రింద 22, వెరసి 42 పళ్ళుంటాయని చదివినప్పుడు నిజంగా ధైర్యం వచ్చింది. లెక్కపెట్టదగినదేదో దొరికింది.

ఆ ఆదివారం పొగమంచు విడేసరికి పదకొండయింది. పార్కులో లాబ్రడార్లు, స్వెట్టర్లు తొడిగిన పగ్‌లు, ఢిల్లీ వేసవి ఎరిగినవారెవరూ కొనరాని హస్కీ ఒకటి బారులు తీరాయి. నా తోటి న్యాయనిర్ణేత ఒక పశువైద్యురాలు. ఆమె నోళ్ళు తెరిచి పట్టుకున్నది, నేను దూరం నుంచి పళ్ళు లెక్కపెట్టాను. పగ్‌కు మార్కులు తగ్గాయని ఒక గృహిణి పునఃపరిశీలన కోరింది. మళ్ళీ లెక్కపెట్టినా పళ్ళు పెరగలేదు.

పదిహేడవ ప్రవేశం మా బ్లాకు గేటు కాపలాదారుది. గోధుమవన్నె వీధికుక్క, పేరు మోతీ. మెడకు గొలుసు బదులు అతని మఫ్లరు. దానికి డ్రాయింగు లేదు. అయినా పళ్ళు 42, నడక నిర్దుష్టం. ఒక చెవి కొస మాత్రం తెగి ఉన్నది. ‘భౌతిక లోపం’ అని వ్రాసి అయిదు మార్కులు తగ్గించాను. వైద్యురాలు నా కాగితం చూసి, “అది లోపం కాదు సార్! శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసిన వీధికుక్కకు చెవి కొస అలా కత్తిరించి గుర్తు పెడతారు” అన్నది. ముప్పయ్యేళ్ళు తనిఖీ ముద్రలు వేసినవాడిని, తనిఖీ ముద్రకే మార్కులు తగ్గించాను! కొట్టివేసి, ప్రక్కన పొడి సంతకం పెట్టాను.

కాపలాదారుకు మార్కులతో పని లేదు. “సాబ్, మీరిచ్చే కాగితం ఉంటే బండివాళ్ళు దీన్ని తీసుకుపోరు కదా?” అని అడిగాడు.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పవలసి ఉన్నది. ఢిల్లీ, పరిసర నగరాలలోని వీధికుక్కలను పట్టి ఆశ్రయాలలో ఉంచాలని 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆగస్టు 22న ఆ ఉత్తర్వును సవరించి, రేబిస్ సోకినవీ, దూకుడుగా ఉండేవీ మినహా మిగిలినవాటిని శస్త్రచికిత్స, టీకాల తరువాత పట్టిన చోటనే విడవాలన్నది. ఈ రెండు తేదీల నడుమ, కుక్కలన్నిటినీ తరలించాలని మా బ్లాకులో ఒక అర్జీ తిరిగింది. నా సంతకం నాలుగవది. అంతకు నెల ముందు పై అంతస్తు బాలుణ్ణి కుక్క కరిస్తే, సూదిమందు కోసం ఆసుపత్రికి తీసుకుపోయినది నేనే. మనుషులకు సోకే రేబిస్‌లో నూటికి 99 వంతుల వరకు కుక్కల వల్లనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ భయం అకారణమని ఈనాటికీ అనను. కాని ఏ కుక్క కరిచిందో, దేనికి టీకా పడిందో మాలో ఎవరమూ చూడలేదు. ఒక గొట్టంలో పగులున్నదని లాటు మొత్తాన్ని పరీక్షించకుండా తిరస్కరిస్తే, ఆఫీసులో నన్ను సంజాయిషీ అడిగేవారు.

ఆ అర్జీని ఇంటింటికీ తెచ్చి సంతకాలు చేయించినది ఈ కాపలాదారే. అది అతని ఉద్యోగం. దానిలో ఏమున్నదో అతడికి తెలుసునా అని నేను అడగలేదు.

ఫలితాలకు ముందు అధ్యక్షులవారు ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడిచిన శునకం గురించి చక్కగా ప్రసంగించారు. ధర్మరాజు దాని పళ్ళు లెక్కపెట్టినట్లు భారతంలో ఎక్కడా లేదు. అర్జీలో మొదటి సంతకం అధ్యక్షులవారిదే.

ప్రథమ బహుమతి న్యాయంగా ఒక లాబ్రడారుకు వెళ్ళింది. మోతీ తృతీయ స్థానంలో నిలిచింది. ప్రశంసాపత్రంలో ‘యజమాని’ అన్నచోట ఏమి వ్రాయాలని అడిగితే, కాపలాదారు కాసేపు ఆలోచించి, “బ్లాకు నంబరు వ్రాయండి సాబ్” అన్నాడు. అలాగే వ్రాసి సంతకం చేశాను. ఈ కాగితానికి చట్టబలం లేదనీ, అడిగినవాళ్ళకు చెవి చూపించమనీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. మర్నాటికల్లా కాగితానికి లామినేషన్ చేయించి గేటు గదిలో వేలాడదీశాడు.

అర్జీ నుండి నా పేరు తొలగించమని సంఘానికి ఉత్తరం వ్రాశాను. జవాబు రాలేదు. మోతీ నన్ను చూసి మొరుగుతూనే ఉన్నది. నేనూ రోడ్డుకు ఆవలి ప్రక్కనుంచే ఆఫీసు బస్సుకు వెళుతున్నాను.