సముద్రయాన సంకల్పం



మా శివాలయం పినాకినీ తీరాన ఉంది. తీరమనగానే పాఠక మహాశయులకు జలం స్ఫురిస్తుంది గనుక ముందుగానే మనవి చేస్తాను: సంవత్సరంలో అధికభాగం మా పెన్నకు ఇసుకయే ప్రవాహం. అభిషేకానికి నీరు నూతి నుండి తోడి తెచ్చుకోవడమే బాల్యం నుండి నేనెరిగిన నదీసేవ. ఈ కడప జిల్లాలో, జమ్మలమడుగు ప్రాంతంలో, 32 సంవత్సరాలుగా స్వామి సన్నిధిలో అర్చన చేస్తున్నాను. నిత్యం రుద్రాధ్యాయంలో జలరూపుడైన పరమేశ్వరునికి నమస్కరిస్తూనే ఉన్నాను గాని, ఆ నదులన్నీ చేరే సముద్రాన్ని గురించి తీరికగా ఆలోచించవలసిన అవసరం నాకు ఇంతవరకు కలుగలేదు.

ఉగాది గడచిన వారానికి మా అమ్మాయి ఫోన్ చేసింది. ఆమె భర్త ఇటలీ దేశంలో త్రియెస్తే అనే సముద్రతీర నగరంలో పరిశోధకుడు. "నాన్నా, ఆగస్టులో ఆయనకు సెలవులు. అమ్మా మీరూ వచ్చి పదిహేను రోజులు మాతో సముద్రం దగ్గర ఉండండి" అన్నది. "చూద్దాంలేమ్మా" అన్నాను. మా ఇంట ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. గుమ్మం పక్కన నిలుచున్న మా ఇంటావిడ ఏమీ అనక లోపలికి వెళ్ళి నైవేద్యానికి బియ్యం ఏరుకుంటూ కూర్చున్నది.

ఆమె మా మేనమామ కుమార్తె. చిన్ననాడు నన్ను "బావా" అని పిలిచేది. వివాహానంతరం ఆ పిలుపు "ఏమండీ"గా మారింది. ఆ రాత్రి దీపం తగ్గించిన తరువాత చాలాకాలానికి పాత పిలుపు వినిపించింది. "బావా, నేను సముద్రం చూడలేదు."

అంతే. ఆపైన ఒక్కమాట లేదు. రెండు పర్యాయాలు రామేశ్వర యాత్ర తలపెట్టాము. ఒకసారి జ్ఞాతి మరణంవల్ల ఆశౌచం వచ్చింది, ఇంకొకసారి ఆలయంలో నా స్థానే ఉండవలసినవారికి జ్వరం వచ్చింది. రెండుసార్లూ ఆమె కట్టిన మూటలు ఆమెయే విప్పింది. ఈ ముప్పది రెండేళ్ళ నైవేద్యమంతా ఆమె చేతిదే అన్న సంగతి నేను ఏ లెక్కలోనూ వ్రాసుకోలేదు.

మరునాడు అమ్మాయికి నేనే ఫోన్ చేసి ఆ ఊరి విశేషాలు అడిగాను. అడ్రియాటిక్ సముద్రపు ఉత్తరాగ్రంలో ఉన్నదట. 1918 వరకు ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యానికి ప్రధానమైన రేవు. 1964లో అబ్దుస్ సలాం అక్కడ సైద్ధాంతిక భౌతికశాస్త్రానికి ఒక అంతర్జాతీయ కేంద్రం స్థాపించినందువల్ల మన దేశపు విద్వాంసులు ఆనాటి నుండి వచ్చిపోతూనే ఉన్నారట. నగరంలోని పెద్ద చతుష్పథం మూడువైపుల భవనాలతో, నాలుగవ వైపు నేరుగా సముద్రానికి తెరచుకొని ఉంటుందట. మన ఆలయాల మహాద్వారం ఎదుట కోనేరు ఉన్నట్లు ఊహించుకున్నాను. శీతకాలంలో బోరా అనే గాలి కొండల మీదినుండి మనుషులను పడద్రోసేంత ఉద్ధృతంగా వీస్తుందట. మనం వెళ్ళేది వేసవిలో గనుక ఆ భయం లేదు.

మా ఇంటావిడ సందేహం వేరు. "అందరిలో ఎట్లా మునిగేదమ్మా? చీరతో మునిగితే నవ్వరూ?" అని అడిగింది. అమ్మాయి నవ్వి, ఆ ఊళ్ళో పెదోచిన్ అని ఒక పురాతనమైన స్నానస్థలం ఉందనీ, తీరం మధ్యగా సముద్రంలోకి ఒక గోడ కట్టి స్త్రీలను ఒకవైపు, పురుషులను ఒకవైపు ఉంచుతారనీ, ఆ ఊరివారు నేటికీ ఆ గోడను తీసివేయనివ్వలేదనీ చెప్పింది. యూరప్ ఖండంలో ఇట్టి మర్యాద ఒకచోట మిగిలి ఉన్నదని విని నాకు ఆశ్చర్యం కలిగింది. మా ఆవిడకు మాత్రం ఆశ్చర్యం లేదు. "ఆడవాళ్ళు ఎక్కడైనా ఆడవాళ్ళే కదా" అన్నది.

ఇంకొక విషయం నన్ను అంతకంటె ఎక్కువగా ఆకర్షించింది. మా ఆలయ సోపానాలు గండికోట ప్రాంతపు రాతివి. వాటి మీద సన్నని అలలవంటి గీతలు ఉన్నాయి. శిల్పి ఉలిగీతలని అనుకుంటూ దశాబ్దాలుగా వాటి మీద పాదం మోపుతున్నాను. కొన్నేళ్ళ క్రితం భూగర్భశాస్త్రం చదివే ఒక విద్యార్థి దర్శనానికి వచ్చి, అవి నిస్సారమైన పురాతన సముద్రపు అడుగున అలలు ఇసుకపై గీసిన రేఖలనీ, ఆ ఇసుకయే శిలగా మారిందనీ, ఈ కడప కర్నూలు సీమ శిలలలో అధికభాగం వందకోట్ల సంవత్సరాలకు మునుపే సముద్రంలో పేరుకొన్నవనీ చెప్పాడు. అగస్త్యుడు సముద్రాన్ని ఆపోశన పట్టిన కథ ఎన్నోసార్లు చెప్పాను. అది ఎక్కడి సముద్రమని ఒక్క పిల్లవాడూ అడుగలేదు, నేనూ అడుగుకోలేదు.

మా బెలుం గుహలు సున్నపురాతిని నీరు తొలచగా ఏర్పడ్డవి. అటువంటి భూస్వరూపాన్ని శాస్త్రజ్ఞులు కార్స్ట్ అంటారు. ఆ పేరు త్రియెస్తే వెనుకనున్న పీఠభూమి పేరేనట! అక్కడ రేకా అనే నది పొరుగుదేశమైన స్లొవేనియాలోని ష్కోత్సియాన్ గుహలలో పాతాళానికి దిగి, సుమారు 40 కిలోమీటర్లు అంతర్వాహినిగా ప్రవహించి, దువీనో సమీపాన తిమావో అనే పేరుతో పైకివచ్చి, 2 కిలోమీటర్లు మాత్రం నడచి సముద్రంలో కలుస్తుంది. బెలుం గుహలో పాతాళగంగను చూచినవారికి ఇది వేరుగా వివరించనక్కరలేదు. స్నానమంటూ చేస్తే ఆ సంగమ ప్రాంతంలోనే చేయాలని అప్పుడే అనుకున్నాను. ఇంకా ప్రయాణమే నిశ్చయం కాలేదన్న మాట మరచిపోయి.

ఇక శాస్త్రం. బౌధాయన ధర్మసూత్రం పతనీయ కర్మలను చెబుతూ సముద్రయానాన్ని మొట్టమొదట లెక్కిస్తుంది. మనుస్మృతి సముద్రయాయిని శ్రాద్ధపంక్తికి అనర్హుడంటుంది. కలివర్జ్యాలలోనూ ఈ ప్రసక్తి ఉంది. విమానం నౌక కాదు గనుక దోషం లేదని కొందరు మిత్రులు చెప్పారు. ఆ వాదం నాకు రుచించదు. మాటను తప్పించుకొని పోవడం ధర్మనిర్ణయం కాదు.

అయితే అదే బౌధాయనుడు గ్రంథారంభంలో దాక్షిణాత్యులకు ఐదు, ఔత్తరాహులకు ఐదు విలక్షణాచారాలు ఉన్నాయని చెబుతాడు. ఔత్తరాహుల ఐదింటిలో సముద్రయానం ఒకటి. మన ఐదింటిలో ఒకటి మేనమామ కుమార్తెను వివాహమాడడం! ఏ దేశాచారం ఆ దేశంలో ప్రమాణమనీ, ఇతరులు ఆచరిస్తే దోషమనీ ఒక పక్షం. గౌతముడు దానిని అంగీకరించడని కూడా అక్కడే ఉంది. ఈ భాగాన్ని గురువుగారి వద్ద చదివిననాడు నాకు పందొమ్మిదేళ్ళు, మేనరికం అప్పటికే నిశ్చయమై ఉంది. గురువుగారు నా ముఖం చూచి చిరునవ్వు నవ్వి తరువాతి సూత్రానికి వెళ్ళిపోయారు. మనకు అలవాటైన ఆచారాన్ని దేశధర్మమనీ, అలవాటు లేనిదానిని పాతిత్యమనీ అనుకోవడం ఎంత సులభమో ఆనాడే గ్రహించవలసింది.

ఇక్కడ నా దోషం ఒకటి చెప్పక తప్పదు. తొమ్మిదేళ్ళ క్రితం పొరుగు గ్రామంలో ఒక గృహస్థు స్వర్గస్థుడైనాడు. కుమారుడు జర్మనీ నుండి రావలసి ఉండగా దేహాన్ని నిలిపి ఉంచారు. అపరకర్మ చేయించే పురోహితుడు నన్ను ఫోన్‌లో ధర్మసందేహం అడిగాడు. సముద్రం దాటినవాడు గనుక ప్రాయశ్చిత్తం లేనిదే కర్మాధికారం లేదనీ, వపనం, పంచగవ్య ప్రాశనం, గోదానం జరిగిన తరువాతనే గడప దాటాలనీ చెప్పాను. అర్చనకు వేళ అవుతున్నదని తొందరగా చెప్పి ఫోన్ పెట్టివేశాను. ఆ సామగ్రి సమకూరేసరికి నాలుగు గంటలు పట్టింది. మాసికానికి ఆలయానికి వచ్చినప్పుడు ఆ కుమారుడు నాతో ఒకే మాట అన్నాడు. "స్వామీ, నాన్న ముఖం చూడడానికి అంత దూరం నుంచి వచ్చాను. గడప బయట నాలుగు గంటలు నిలబడ్డాను." కోపంగా అనలేదు. తీర్థం తీసుకొని వెళ్ళిపోయాడు. మరల రాలేదు.

బౌధాయనుడు ఆ దోషానికి చెప్పింది మూడేళ్ళ కఠిన వ్రతం. నాలుగు గంటల ప్రాయశ్చిత్తం ఆయన సూత్రంలో లేదు. ఆ ప్రత్యామ్నాయాలను ఏర్చి కూర్చింది నేను. ఆ తండ్రి దేహం ఎదుట కుమారుణ్ణి ముందు లోపలికి రమ్మని, ప్రాయశ్చిత్తం తరువాత చేయించవచ్చునన్న ఆలోచన కూడా నాకే రావలసి ఉండింది.

వివాహమైన తరువాత మా అమ్మాయి రెండుసార్లు వచ్చింది. అల్లుడు నా పక్కనే పంక్తిలో భోజనం చేశాడు. వారిని నేను ఏ గడప బయటా నిలబెట్టలేదు. ఆ సంగతి నాకు స్ఫురించనే లేదు. స్ఫురింపజేసినది మా ఇంటావిడ. ప్రయాణానికి ఒప్పుకున్నానని చెప్పిన సాయంకాలం ఆమె సంతోషంతో ఏదో అంటుందని ఎదురుచూచాను. కొంతసేపు ఊరకుండి, "ముందు ఆ ఇంటికి వెళ్ళి రండి" అన్నది. ఏ ఇంటికని నేను అడుగలేదు.

ప్రయాణ ప్రణాళిక అంతా ఒక కాగితం మీద వ్రాసుకున్నాను. సముద్రమూ అశ్వత్థమూ ఎల్లప్పుడూ సేవింపదగినవే గాని ఎల్లప్పుడూ స్పృశింపదగినవి కావని పెద్దల నియమం. అశ్వత్థాన్ని శనివారం, సాగరాన్ని పర్వదినం తాకాలి. అందుచేత పదిహేను రోజులూ తీరాన కూర్చున్నా మునక ఒక్కనాడే. అమ్మాయి దీనికి కొంచెం చిన్నబోయింది. అల్లుని సెలవులలో పడే పర్వం ఆగస్టు 12, ఆషాఢ బహుళ అమావాస్య, మన చుక్కల అమావాస్య. ఆనాడు సూర్యగ్రహణం. స్పెయిన్‌లో సంపూర్ణం, త్రియెస్తేలో పాక్షికం. గ్రహణం విడువకుండానే సూర్యుడు అస్తమిస్తాడు, గ్రస్తాస్తమయం. భారతదేశంలో అప్పటికి రాత్రి గనుక కనిపించదు, కనిపించని గ్రహణానికి నియమం లేదు. ఇక్కడ మా తమ్ముని కుమారుడు యథావిధిగా హారతి ఇస్తుంటాడు, అక్కడ నేను జపంలో ఉంటాను. గ్రస్తాస్తమయానికి మరునాటి సూర్యదర్శనం తరువాతనే భోజనమన్నాను. "మీరు ఉండండి. నాకు మందులున్నాయి" అన్నది మా ఆవిడ. ఆతురులకు మినహాయింపు శాస్త్రంలోనే ఉంది గనుక వాదించలేదు.

సంకల్పం గురించి చాలా ఆలోచించాను. ఇక్కడ మేరువుకు దక్షిణం, శ్రీశైలానికి నైరృతి, కృష్ణా కావేరుల మధ్యదేశం అని మూడు దశాబ్దాలుగా నాలుకపై నిలిచిన చిరునామా. అక్కడ ఏమి చెప్పాలి? అమెరికాలోని పురోహితులు కొందరు క్రౌంచద్వీపమంటారని విన్నాను. తెలియని ద్వీపం పేరు చెప్పడం కంటె తెలిసిన ఊరి పేరు చెప్పడం మేలని నా నిశ్చయం. తిమావో సంగమం, అడ్రియాటిక్ తీరం, త్రియెస్తే నగరం. దేవునికి అర్థం కాకపోదు.

వీసా వ్యవహారమంతా అల్లుడే చూస్తున్నాడు. మనిషికి 90 యూరోల రుసుము, 30,000 యూరోలకు తగ్గని ఆరోగ్య బీమా. దరఖాస్తులో ప్రయాణోద్దేశం అన్నచోట పర్యాటకం, వ్యాపారం, బంధుదర్శనం వంటివి ఉన్నాయి. తీర్థస్నానం లేదు. బంధుదర్శనం అని గుర్తు పెట్టించాను. భోజన విషయంలో చర్చ లేదు, అమ్మాయి వంటగది ఉంది. తిరిగి వచ్చిన తరువాత, ఆనాడు నేను ఆ కుమారునికి విధించిన ప్రాయశ్చిత్తమంతా, ఒక్కటీ తగ్గకుండా, ఆలయం గడప బయట నిలబడి చేసుకుంటాను. అది ముగిసేదాకా గర్భాలయంలో అడుగుపెట్టను.

దీనికి ముందు ఇంకొకటి చేర్చాను. జూన్ 29, ఏరువాక పున్నమి. ఆనాడు ఇద్దరమూ నెల్లూరు దాటి మా పెన్న సముద్రంలో కలిసేచోటికి వెళ్తాము. తొలిసారి చూచే సముద్రం మన నది చేరేది కావాలని నా కోరిక. ఇన్నాళ్ళూ ఒక రాత్రి బస్సు ప్రయాణం దూరంలోనే ఉంది.

నిన్న ఆ ఇంటికి వెళ్ళి వచ్చాను. పెద్దావిడ ఒక్కతే ఉంది. నేను అరుగు మీద కూర్చుని, ఆనాడు నేను చెప్పిన మాట ఆలోచించి చెప్పినది కాదనీ, పొరబాటు నాదేననీ చెప్పాను. ఆమె చాలాసేపు పెరట్లో చెట్టు వంకే చూచింది. "ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగండి స్వామీ" అని లోపలికి వెళ్ళింది. గ్లాసు చేతికిస్తూ అడిగింది. "మావాడు మ్యూనిక్‌లో ఉంటాడు. మీ అమ్మాయి ఉండే ఊరికి అది ఎంత దూరం?"

రాత్రి అల్లుణ్ణి అడిగాను. రైలులో ఒక పగలు పడుతుందట. కాగితం మీద ఆగస్టు 12కు కింద మూడు రోజులు ఖాళీ ఉన్నవి. అక్కడ మ్యూనిక్ అని వ్రాసుకున్నాను. అబ్బాయి ఫోన్ నంబరు పెద్దావిడ ఇచ్చింది. ఇంకా చేయలేదు. రేపు అభిషేకం అయిన తరువాత చేస్తాను.

స్వస్తి.