చేతికి రావలసిన చదువు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊరు ఖరగ్‌పూర్. ఇక్కడి ఎన్నో ఇళ్ళకు తరతరాలుగా రైల్వే కొలువే జీవనాధారం. అనుభవజ్ఞుడి పక్కన నిలబడితేనే పని వస్తుందని ఈ పట్టణానికి ఎవరూ చెప్పనక్కరలేదు. అసిస్టెంటు లోకో పైలట్ ఎన్ని పరీక్షలు నెగ్గినా, తొలినాడే బండిని అతని చేతికి అప్పగించరు.

కోవిడ్ మహమ్మారి వలన 2020 మార్చిలో ప్రయాణికుల రైళ్ళు నిలిచిపోయాయి, కళాశాలలు మూతపడ్డాయి. నర్సింగ్ విద్యార్థుల పాఠాలు సెల్‌ఫోను తెరపైకి చేరాయి. ఆక్సీమీటరులో అంకె 94 కంటె తగ్గితే జాగ్రత్తపడాలని ఆ తెర చెప్పగలదు. కాని రోగి వేలు చల్లబడినా, గోటికి రంగున్నా ఆ అంకె తప్పు కావచ్చు. వేలిని వెచ్చచేసి మళ్ళీ చూడడం మంచం పక్కన నిలిచినప్పుడే అలవడుతుంది.

రక్షణ దుస్తుల సంగతీ అంతే. తొడుక్కోవడం కంటె విప్పడంలోనే ప్రమాదం ఎక్కువ. వెలుపలి వైపు ఒంటికి తగలకుండా తీయాలి. మాస్కును అన్నిటికంటె చివర తీయాలి. ఆపై చేతులు కడుక్కోవాలి. డ్యూటీ ముగిసి, చెమటతో, దాహంతో సొమ్మసిల్లే వేళ ఈ వరుసను నెమరు వేసుకోవడం కష్టం. అది అప్పటికే చేతికి వచ్చి ఉండాలి.

తుది పరీక్షల కొరకు ఎదురుచూస్తున్న జి.ఎన్.ఎం., బి.ఎస్సి. నర్సింగ్ విద్యార్థులను సీనియర్ అధ్యాపకుల పర్యవేక్షణలో కోవిడ్ సేవలకు నియోగించవచ్చునని 2021 మే 3న కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ ప్రకటనకు ప్రాణం ‘పర్యవేక్షణలో’ అన్న ఒక్క మాటలో ఉంది.

కూతురిని అంటువ్యాధి వార్డుకు పంపే తల్లిదండ్రుల భయం సహజమైనది. ధైర్యవచనాలతో అది తీరదు. వార్డులో పక్కన ఎవరుంటారు? ముఖానికి సరిపోయే మాస్కు ఉన్నదా? జ్వరం వస్తే ఎవరికి చెప్పాలి? ఇవి అడిగే హక్కు విద్యార్థినికి ఉన్నది. ముందుగానే సమాధానాలు సిద్ధం చేయవలసిన బాధ్యత కళాశాలది, ఆసుపత్రిది.

ఎర్ర సిగ్నల్ చూసి బండి ఆపిన డ్రైవరును ఖరగ్‌పూర్‌లో ఎవరూ పిరికివాడు అనరు. “ఇది నాకింకా చేతకాదు సిస్టర్, ఒకసారి చూపించండి” అని అడిగే అమ్మాయికీ ఆ గౌరవమే దక్కాలి. రోగి ప్రాణానికి అంతకు మించిన రక్ష లేదు.