సంచీ మోసేవాళ్ళకీ ఒక పుస్తకం



మన గ్రూపులో లైబ్రరీ మాట వచ్చిందంటే అది పిల్లల గురించే. స్టోరీ టైమ్ ఎన్నింటికి, సమ్మర్ రీడింగ్ ఎప్పుడు మొదలు, ఒకేసారి ఎన్ని పుస్తకాలు ఇస్తారు, ఇవే. మనం సంచీ మోసేవాళ్ళం, కారు తోలేవాళ్ళం. అదే లైబ్రరీలో పెద్దవాళ్ళకి ఏం చదవాలో, ఏం వినాలో వెదికి చెప్పడానికి కూడా మనుషులున్నారు. ఈసారి ఆ సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది.

నేనుండేది సియాటిల్ దగ్గర. అమెరికాలో చాలా ఊళ్ళ లైబ్రరీల్లో లోపలికి అడుగుపెట్టగానే ‘స్టాఫ్ పిక్స్’ అని ఒక అర కనిపిస్తుంది. అక్కడ పనిచేసేవాళ్ళు తమకి నచ్చిన పుస్తకాలు, కొన్నిచోట్ల సీడీలు కూడా అందులో పెట్టి, ఎందుకు నచ్చాయో చిన్న చీటీ మీద రెండు మాటలు రాస్తారు. డెస్కు దగ్గరికెళ్ళి అడిగితే మనకి తగ్గట్టు వెదికి చెప్తారు కూడా. ఈ పనిని వాళ్ళు ‘రీడర్స్ అడ్వైజరీ’ అంటారు. సియాటిల్ పబ్లిక్ లైబ్రరీలో ‘యువర్ నెక్స్ట్ ఫైవ్’ అని ఒక సేవ ఉంది. నచ్చినవీ నచ్చనివీ ఫారంలో రాసి పంపితే, లైబ్రరీ మనిషే అది చదివి మనకోసం ఐదు పేర్లు ఎంచి పంపిస్తారు. దానికి డబ్బేమీ కట్టక్కర్లేదు.

నాకు దీని విలువ తెలిసింది మా నాన్నగారు పోయినప్పుడు. నేను ఇండియా చేరేసరికి దహనం కూడా అయిపోయింది. పెద్దకర్మ కాగానే తిరిగొచ్చి, నాలుగో రోజు నైట్ డ్యూటీ ఎక్కాను. నర్సుని కదా, వార్డులో ఎవరైనా పోతే వాళ్ళ వాళ్ళతో ఏం మాట్లాడాలో, ఎంతసేపు ఏమీ మాట్లాడకుండా పక్కన నిలబడాలో నాకు తెలుసు. నా దాకా వచ్చేసరికి ఆ తెలిసిందేదీ అక్కరకు రాలేదు. పగలు నిద్ర పట్టేది కాదు. ఫోన్ చేసినవాళ్ళంతా మంచివాళ్ళే. కానీ ‘ధైర్యంగా ఉండు’ అన్నాక వాళ్ళకీ మాట దొరకదు, నాకూ దొరకదు.

ఆ రోజుల్లో ఒకసారి మా అబ్బాయి పుస్తకాలు తిరిగివ్వడానికి వెళ్తే, డెస్కులో ఉన్న పెద్దావిడ “మీకేమైనా కావాలా?” అన్నారు. “మా నాన్న పోయారు. ఏదైనా చదవాలనుంది. ఓదార్చే పుస్తకం మాత్రం వద్దు” అన్నాను. ఎప్పుడు, ఎలా, వయసెంత అని ఆవిడ అడగలేదు. మూడే అడిగారు. ఇదివరకు మీకు బాగా నచ్చినవి ఏవి? ఇప్పుడు ఒక్కసారికి ఎంత చదవగలరు? సంగీతం వింటారా?

మీకేం నచ్చుతుంది అని నన్నెవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో! మా ఆయనకి ఏ కూర ఇష్టమో, పిల్లాడు ఏ సిరీస్‌లో ఎన్నో పుస్తకంలో ఉన్నాడో ఠక్కున చెప్తాను. నా సంగతి చెప్పడానికి కాసేపు పట్టింది. ఇంటర్లో రంగనాయకమ్మ గారి నవలలు ఇష్టంగా చదివేదాన్ననీ, మొహమాటం లేకుండా రాయడం నచ్చేదనీ చెప్పాను. పది పేజీలకి మించి చదవలేనన్నాను. నాన్న పొద్దున్నే రేడియోలో నాదస్వరం వినేవారన్నాను. ఆవిడకి నాదస్వరం తెలీదు. గుళ్ళో, పెళ్ళిళ్ళలో ఊదే పొడుగు వాయిద్యమని చేతులతో చూపించాను.

ఆవిడ తెచ్చిన పుస్తకం జోన్ డిడియన్ రాసిన ‘ది ఇయర్ ఆఫ్ మ్యాజికల్ థింకింగ్’. 2005లో వచ్చింది. రాత్రి భోజనం దగ్గర భర్త హఠాత్తుగా కూలిపోయి చనిపోయాక ఆ ఏడాది ఎలా గడిచిందో ఆమె దాచకుండా రాసింది. ఆయన బూట్లు ఎవరికీ ఇవ్వలేకపోతుంది, తిరిగొస్తే కావాలి కదా అని. మా నాన్న నంబరు నా ఫోన్లో ఎందుకు తీసెయ్యలేకపోతున్నానో నాకు అక్కడ అర్థమైంది.

సంగీతానికి “దగ్గరది ఒకటి, దూరంది ఒకటి” అని రెండు సీడీలు ఇచ్చారు. దగ్గరది ‘కిన్స్‌మెన్’, 2008 నాటిది. కద్రి గోపాల్‌నాథ్ గారు, అమెరికాలో పెరిగిన రుద్రేష్ మహంతప్ప కలిసి వాయించిన శాక్సఫోన్. గోపాల్‌నాథ్ గారి తండ్రి నాదస్వర విద్వాంసులట! దూరంది ‘అఫీషియం’, 1994లో వచ్చింది. ఆస్ట్రియాలో ఒక పాత మఠంలో నలుగురు మగవాళ్ళు పాతకాలపు చర్చి పాటలు పాడుతుంటే, యాన్ గార్బరెక్ అనే నార్వే ఆయన శాక్సఫోన్ వాయిస్తారు. డ్యూటీ దిగి వస్తూ కార్లో పెట్టాను. లాటిన్ ముక్క కూడా తెలీదు నాకు. అయినా ఇంటి ముందు కారు ఆపి, అది అయ్యేదాకా దిగలేదు. నాన్న పోయాక నేను తనివితీరా ఏడ్చింది ఆ పొద్దున్నే. ఆ రోజు ఆరు గంటలు నిద్రపోయాను.

ఆవిడకి మన భాష రాదు, మన సంగీతం తెలీదు. అడిగి విన్నారు, అంతే. దీనికీ ఒక పద్ధతి ఉందని తర్వాత తెలిసింది. సియాటిల్లో పనిచేసిన నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ పేరు ఇక్కడ అందరికీ తెలుసు. 2003లో ఆవిడ రూపంలో బొమ్మ కూడా అమ్మారు, మీట నొక్కితే వేలు పెదవుల మీదికి వెళ్తుంది! పుస్తకంలోకి నాలుగు తలుపులుంటాయంటారావిడ: కథ, మనుషులు, చోటు, భాష. మనకి ఏ తలుపు ఇష్టమో తెలిస్తే పుస్తకం వెదకడం తేలిక. ఇంకో మాట కూడా చెప్పారు. యాభై ఏళ్ళ లోపు వాళ్ళు యాభై పేజీలు చదివి చూడాలి, నచ్చకపోతే మూసెయ్యాలి. యాభై దాటితే వందలోంచి వయసు తీసెయ్యండి. 58 ఏళ్ళ అక్కకి 42 పేజీలు చాలు. వయసుతో వచ్చే లాభం ఇదొక్కటైనా ఉంది!

ఇంకొకటి, మనకి చాలా ముఖ్యమైంది. మనవాళ్ళ మధ్య ఒక మాట పొద్దున అంటే సాయంత్రానికి నాలుగు ఊళ్ళు తిరుగుతుంది. చదువరి ఏం అడిగారో, ఏం తీసుకెళ్ళారో బయట పెట్టకపోవడం ఇక్కడి లైబ్రేరియన్ల వృత్తి నియమం. నెలసరి ఆగే వయసు ఇబ్బందులు, పిల్లాడి డిప్రెషన్, విడాకులు, తాగే భర్త, ఏదైనా సరే, కారణం చెప్పకుండా పుస్తకం అడగొచ్చు. నోటితో అడగలేకపోతే కాగితం మీద రాసి ఇవ్వొచ్చు.

ఇంగ్లీషు అంత రాదని వెనకాడకండి. “తేలిక భాషలో ఉన్నది”, “పెద్ద అక్షరాలది”, “వంట చేస్తూ వినేది” అంటే చాలు, ఆడియో పుస్తకాలు కూడా చూపిస్తారు. తెలుగు పుస్తకాలు అన్ని చోట్లా ఉండవు. కొనమని కోరే ఫారం చాలా లైబ్రరీల్లో ఉంటుంది, మనం నింపకపోతే మనకి అవసరముందని వాళ్ళకెలా తెలుస్తుంది? ఇండియా నుంచి వచ్చిన అత్తగారినో అమ్మనో కూడా తీసుకెళ్ళండి. వాళ్ళకేం నచ్చేదో మీరూ వింటారు.

వెళ్ళేముందు ఒక్క పని చేయండి. ఈ మధ్య కాకపోయినా ఎప్పుడో ఒకప్పుడు మీకు నచ్చిన పుస్తకం ఒకటి, పాట ఒకటి కాగితం మీద రాసుకోండి. డెస్కు దగ్గర అది చూపించండి. మీ చేతికి ఏం వచ్చిందో వచ్చే సంచికకి రాసి పంపండి, ఎదురుచూస్తుంటాను.