ఈసీ టీవీ మా గుట్ట ఎక్కిన రోజు

మా ఇంటికి టీవీ సైకిల్ రిక్షాలో వచ్చింది. ఆబిడ్స్‌లో కొని, నయాపూల్ దాటి, చార్మినార్ పక్కనుంచి షాలిబండ, ఇంజన్‌బౌలి మీదుగా చాంద్రాయణగుట్టకు. సీటు మీద అట్టపెట్టె, దాన్ని రెండు చేతులతో పొదివి పట్టుకుని మా నాయిన. ఫలక్‌నుమా చడావు దగ్గర రిక్షా కదలకపోతే నాయిన దిగి వెనక నుంచి తోశాడు. పెట్టె మాత్రం సీటు దిగలేదు. అది 1984 ఎండాకాలం. నాకు పన్నెండేళ్లు.

ఏ టీవీ కొనాలన్న దాని మీద అంతకుముందు మా ఇంట్లో నెలరోజులు చర్చ నడిచింది. డయనోరా అని ఒకరు, సాలిడేర్ అని ఒకరు, క్రౌన్ అని మరొకరు. నాయిన అందరి మాటా విని, చివరికి ఈసీ టీవీయే తెచ్చాడు. ఆయన కంచన్‌బాగ్‌లో సర్కారు ఫ్యాక్టరీ మిధానిలో పనిచేసేవాడు. ఆయన లెక్క ఆయనది. “మన ఊళ్లనే తయారైతది. రేపు ఏమన్న అయితే పోయి అడగొచ్చు” అన్నాడు. మేముండేది ఊరికి దక్షిణపు కొసన, అది తయారయ్యేది ఈశాన్యపు కొసన కుషాయిగూడలో. మధ్యలో పాతబస్తీ, మూసీ, సికింద్రాబాదు. అయినా ‘మన ఊళ్లనే’ అన్న మాటలో అంత దూరమూ ఇమిడిపోయింది.

ఆ టీవీ పుట్టుక గురించి నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. దాన్ని తయారుచేసిన ఈసీఐఎల్ టీవీల కోసం పెట్టిన కంపెనీ కాదు. అణుశక్తి శాఖ కింద 1967 ఏప్రిల్‌లో మొదలైంది. రియాక్టర్లకు కావలసిన కొలత పరికరాలు, నియంత్రణ యంత్రాలు మనమే చేసుకోవాలన్నది దాని వెనకున్న ఆలోచన. ఆ పని భుజాన వేసుకున్న మనిషి పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. ఎ.ఎస్. రావు అంటేనే ఎక్కువమందికి తెలుసు. బనారసులో చదివి, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ దాకా వెళ్లి, తిరిగొచ్చి హోమీ భాభా దగ్గర ఎలక్ట్రానిక్స్ విభాగం నడిపినవాడు. ఆయన నడిపించిన ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటరును తయారుచేసింది. దేశంలో వాల్వుల్లేని టీవీని మొదట తెచ్చిందీ అదే.

వాల్వుల బదులు ట్రాన్సిస్టర్లు వాడే అట్లాంటి టీవీని జపాన్‌లో సోనీ 1960లోనే చేసింది. సోనీకి ప్రపంచమంతా అంగడి. మన కంపెనీకి టీవీ పక్కపంట. అసలు సేద్యం రియాక్టర్ల దగ్గర. ఈ ఒక్క తేడాలోనే తర్వాతి కథంతా ఉంది.

కానీ ఆ పక్కపంటే ఒక దశలో పల్లెలకు పాకింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు ప్రసారాలు పంపారు. ‘సైట్’ ప్రయోగం అంటారు దాన్ని. పల్లెల్లో పెట్టిన సెట్లు ఈసీఐఎల్ చేసినవే. పాలమూరు వైపు మా మేనమామ అప్పుడు చూశాడట. జల్లెడలాంటి పెద్ద గొడుగు ఆకాశం వైపు తిరిగి ఉంటే, దాని కింద ఊరు ఊరంతా చాపలు పరుచుకుని కూర్చుందట. హైదరాబాదు దూరదర్శన్ మొదలయింది 1977 అక్టోబరు 23న. అంటే మా పట్నం కంటే రెండేళ్ల ముందే ఆ పల్లె టీవీ చూసింది. మామ ఈ సంగతి మాకు ఏ పండగకూ చెప్పకుండా ఉండలేదు.

మా గల్లీ మొదట్లో రేడియోలు బాగుచేసే చాచా దుకాణం ఉండేది. టీవీ వచ్చిన సాయంత్రమే వచ్చి, నాయినను బతిమాలి వెనక మూత విప్పించాడు. ఆయన జన్మంతా వాల్వు రేడియోలతో గడిచింది. స్విచ్చి వేస్తే ఎర్రగా వేడెక్కి, ఆ తర్వాత గాని గొంతు విప్పని రేడియోలవి. లోపల పచ్చటి అట్ట మీద వరుసగా కుదిరిన చిన్న చిన్న సామాన్లను టార్చిలైటు వేసి చాలాసేపు చూశాడు. “చూడు బేటా, ఇందుల గరమయ్యేది ఒక్క పిచ్చర్ ట్యూబే. మిగిలినదంతా చల్లగున్నది” అన్నాడు. ఆ మాటలో మెచ్చుకోలు ఎంతో, తన విద్యకు రోజులు దగ్గరపడ్డాయన్న దిగులూ అంతే. ఆ రెండోది నాకు అప్పుడు అర్థం కాలేదు.

నలుపు-తెలుపు సెట్టు. ముందు చెక్క తలుపులు, వాటికి చిన్న తాళం. పక్కన గుర్రుమనే స్టెబిలైజరు. తెర మీద నీలిరంగు ప్లాస్టిక్ అద్దం. టీవీ మీద అమ్మ అల్లిన లేసు గుడ్డ. రేడియోకు ఉన్నట్టే టీవీకీ లైసెన్సు పుస్తకం. పోస్టాఫీసులో రుసుము కట్టి ముద్ర వేయించుకు రావాలి. నాయిన దాన్ని ఇంటి కాయితాలతో కలిపి ట్రంకుపెట్టె అడుగున దాచేవాడు.

ఇక యాంటెనా. సంక్రాంతి దగ్గరపడితే దానికి గండమే. పాతబస్తీ మిద్దెలన్నీ పతంగులతో నిండిపోయేవి. తెగిన ప్రతి మాంజా వచ్చి మా అల్యూమినియం కొమ్మలకే చుట్టుకునేది. ఎదురు మిద్దె మీద “అఫా!” అని అరుపు లేచిందంటే మా తెర మీద వార్తలు చదివే మనిషి సగానికి వంగిపోయేది. నేను మిద్దెక్కి కొయ్యను తిప్పేవాణ్ని. కింద గుమ్మంలోంచి అమ్మ “రాలే” అనేది. గల్లీలోంచి చాచా కొడుకు “ఆగయా, ఆగయా!” అనేవాడు. అమ్మకు ఇంకా రానిది వాడికి ముందే ఎట్లా వచ్చేదో! వాడు చూసేది మా కిటికీలోంచి.

టీవీ కొన్న ఏడే నవంబరు 3న ఇందిరాగాంధీ అంత్యక్రియలు చూడటానికి గల్లీ మొత్తం మా ఇంటికి వచ్చింది. బార్కస్ నుంచి జామపండ్ల గంప ఎత్తుకొచ్చే ముసలమ్మ గంప గుమ్మం బయట దించి లోపలికొచ్చి కూర్చుంది. ఆ రోజు ఆమె పండ్లు ఎవరూ కొనలేదు, ఆమె అమ్మనూ లేదు. 1987 జనవరిలో రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున ఇంట్లో కాలు పెట్టే చోటు ఉండేది కాదు. ఉర్దూ కార్యక్రమం వచ్చే సాయంత్రం చాచా ఇంటి ఆడవాళ్లు వచ్చి ముందు వరుసలో కూర్చునేవారు. కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. అటువంటప్పుడు నాయిన కిటికీ తెరిచి చప్పుడు పెంచేవాడు. బొమ్మ మాది, మాట గల్లీది.

తర్వాత రంగు వచ్చింది. నిజానికి మాకంటే ముందే వచ్చింది. 1982 ఢిల్లీ ఏషియాడ్ కోసం ప్రభుత్వం కలర్ ప్రసారాలు మొదలుపెట్టి, బయటి దేశాల నుంచి కలర్ సెట్లు, విడిభాగాలు తెప్పించుకోనిచ్చింది. విడిభాగాలు తెచ్చి బిగించి పేరు అంటించే కంపెనీలు వీధికొకటి పుట్టాయి. ఒనిడా టీవీ ప్రకటనల్లో కొమ్ములూ తోకా ఉన్న దయ్యం ఇంటింటి పిల్లలకూ తెలుసు. ఈసీ టీవీకి అట్లాంటి దయ్యం లేదు, దేవుడూ లేడు. రియాక్టర్లకు పరికరాలు చేసే సర్కారు కంపెనీకి బజారులో కేక వేయడం రాదు. సరుకు మంచిదైతే చాలు, జనమే వస్తారనుకుంది. కొన్నాళ్లు వచ్చారు కూడా. 1990ల్లో కొరియా కంపెనీలు దిగేసరికి ఆ పేరు దుకాణాల అద్దాల్లోంచి నెమ్మదిగా తప్పుకుంది. చాచా దుకాణం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కవర్లు వేలాడుతున్నాయి.

టీవీ పోయింది గాని కంపెనీ పోలేదు. మన దేశంలో ఓటింగు యంత్రాలు చేసేవి రెండే సంస్థలు. బెంగళూరు బీఈఎల్ ఒకటి, మన ఈసీఐఎల్ ఒకటి. 2008లో చంద్రయాన్ మాటలు వినడానికి బెంగళూరు దగ్గర బ్యాలాళులో నిలబెట్టిన 32 మీటర్ల యాంటెనా ఈసీఐఎల్ చేతిదే. దాన్ని ఫొటోలో చూసినప్పుడు మాంజా చుట్టుకున్న మా యాంటెనాయే గుర్తొచ్చింది. ఇప్పుడు ఈసీఐఎల్ అంటే జనానికి బస్సు బోర్డు మీది పేరు, ఒక చౌరస్తా. ఎ.ఎస్. రావు అంటే ఆ పక్కనున్న కాలనీ. ఆ పేర్లు పలికేవాళ్లు రోజూ వేలమంది. వాటి వెనకున్నదేమిటో తెలిసినవాళ్లు కొద్దిమందే.

మా సెట్టు పాతసామాన్లవాడికి పోతున్నరోజు ఛానెల్ తిప్పే గుండీ ఒక్కటి ఊడబీకి దాచుకున్నాను. దాని చుట్టూ బోలెడు అంకెలు, మాకు పనికొచ్చింది ఒక్క అంకే. మొన్న మా చెల్లెలి కొడుకు సొరుగులో దాన్ని చూసి తిప్పి తిప్పి అడిగాడు. “ఏంది మామా ఇది? చైనాదా?”

“కాదురా, మన కుషాయిగూడది” అన్నాను.